విదేశంలో నివసించేవారు ఏ పత్రం వెంట ఉంచుకోవాలి, ఏది ఇంట్లో భద్రపరచాలి

ఉద్యోగానికో చదువుకో విదేశం వెళ్ళి నివాస పర్మిట్ తీసుకున్నవారి దగ్గర మొదటి నెల తిరిగేసరికి ఒక కట్ట పత్రాలు పోగవుతాయి: పాస్‌పోర్టు, అందులో వీసా, నివాస కార్డు, ఆరోగ్య బీమా కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు కార్డులు, పనిచేసే చోటి గుర్తింపు కార్డు, అద్దె ఒప్పందం. వీటన్నిటినీ ఒకే సంచిలో వేసుకుని తిరిగేవారు కొందరు. ఏదీ పోకూడదన్న భయంతో అన్నిటినీ బీరువాలో పెట్టి తాళం వేసి, ఫోన్‌లోని ఫొటోలతో నెట్టుకొచ్చేవారు మరికొందరు. రెండూ ప్రమాదకరమైన పద్ధతులే. సంచి పోయిన రోజున మొదటివారికి తాము ఎవరో చెప్పుకునే ఆధారం ఒక్కటీ మిగలదు. తనిఖీ జరిగిన రోజున రెండోవారు, దొంగతనంగా ఉంటున్నవారు కాకపోయినా, చట్టం దృష్టిలో తప్పు చేసినవారవుతారు.

జపాన్‌లో నా మొదటి సంవత్సరంలో నేను రెండో కోవకు చెందినవాడిని. ఒక రాత్రి ఇంటికి నాలుగు వీధుల దూరంలో సైకిల్ మీద వస్తుండగా ఇద్దరు పోలీసులు ఆపి, సైకిల్ రిజిస్ట్రేషన్ సరిచూశాక నివాస కార్డు అడిగారు. ఫోన్‌లో ఉన్న ఫొటో చూపించాను. వారిలో పెద్దాయన, అసలు కార్డు ఎక్కడ ఉందని మర్యాదగానే అడిగి, నాతోపాటు ఇంటి గుమ్మం దాకా నడిచి వచ్చారు. లోపలి నుంచి కార్డు తెచ్చి ఇవ్వగానే ఆయన దాన్ని వెనక్కి తిప్పి, టార్చి వెలుగులో చిరునామాల గడి చూశారు. అందులో ఒక్కటే వరుస ఉంది. అది నేను నెల క్రితం ఖాళీ చేసిన ఇంటి చిరునామా. మేము నిలబడి ఉన్న గుమ్మం మీది నంబరు వేరు. ఇల్లు మారిన 14 రోజుల్లోగా స్థానిక కార్యాలయంలో కొత్త చిరునామా నమోదు చేయించాలన్నది అక్కడి నిబంధన. మర్నాడే వెళ్ళి రాయించుకొమ్మని చెప్పి, నా పేరు, కార్డు నంబరు రాసుకుని వెళ్ళిపోయారు. ఒకే కార్డు విషయంలో రెండు తప్పులు చేశానని ఆ రాత్రి తెలిసింది. కార్డు వెంట ఉండటం ఎంత ముఖ్యమో, దాని మీద ఉన్న సమాచారం ఈనాటిదై ఉండటం కూడా అంతే ముఖ్యం.

ముందుగా తెలుసుకోవలసింది: ఆ దేశపు చట్టం

ఏ పత్రం జేబులో ఉండాలన్నది మన ఇష్టాన్ని బట్టి తేలే విషయం కాదు. కొన్ని దేశాల్లో విదేశీయులు ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవలసిన పత్రాన్ని చట్టమే పేరు పెట్టి చెబుతుంది. జపాన్‌లో 16 ఏళ్ళు నిండిన విదేశీ నివాసులందరూ నివాస కార్డును వెంట ఉంచుకోవాలి, లేకపోతే 2 లక్షల యెన్‌ల దాకా జరిమానా పడవచ్చు. ఆ కార్డు ఉన్నవారు పాస్‌పోర్టును కూడా మోయనవసరం లేదు. దక్షిణ కొరియాలో 17 ఏళ్ళు నిండినవారికి ఇలాంటి నియమమే ఉంది, జరిమానా 10 లక్షల వొన్‌ల దాకా ఉంటుంది. చైనాలో 16 ఏళ్ళు నిండిన విదేశీయులు పాస్‌పోర్టు గానీ నివాస పర్మిట్ గానీ వెంట ఉంచుకోవాలి. హాంకాంగ్‌లో 15 ఏళ్ళ నుంచే గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. అమెరికాలో 18 ఏళ్ళు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రాన్ని, అంటే శాశ్వత నివాసులైతే గ్రీన్‌కార్డును, తాత్కాలిక వీసా మీద ఉన్నవారైతే దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే ఐ-94 పత్రాన్ని, ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని 1952 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం చెబుతోంది. ఉల్లంఘనకు జరిమానాతోపాటు 30 రోజుల దాకా జైలు శిక్షకు కూడా అవకాశం ఉంది. విమానాశ్రయాల్లో ఐ-94ను కాగితం మీద ఇచ్చే పద్ధతి 2013లో ఆగిపోయింది కాబట్టి, అది తమకు లేదని చాలామంది అనుకుంటారు. అది ఉంది, ఇంటర్నెట్‌లో ఉంది. సరిహద్దు విభాగం వెబ్‌సైటు నుంచి దించుకుని అచ్చు తీసి మడిచి పర్సులో పెట్టుకోవాలి.

మరికొన్ని దేశాల్లో నియమం ఇంకో రూపంలో ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 2005 జనవరి 1 నుంచి 14 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ, ఆ దేశ పౌరులతో సహా, అధికారి అడిగినప్పుడు అసలు గుర్తింపు పత్రం చూపగలగాలి. జిరాక్స్ కాపీ చెల్లదు. జర్మనీలో విదేశీయులకు చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు ఉండి తీరాలి, అధికారులు కోరితే సమర్పించాలి, కానీ వీధిలోకి వెళ్ళిన ప్రతిసారీ దాన్ని మోయాలన్న సాధారణ నియమం లేదు. అయితే అదే జర్మనీలో భవన నిర్మాణం, హోటళ్ళు, రెస్టారెంట్లు వంటి రంగాల్లో పనిచేసేవారు పనిలో ఉన్నంతసేపూ గుర్తింపు పత్రం దగ్గర ఉంచుకోవాలని మరో చట్టం చెబుతోంది. సాయంత్రాలు రెస్టారెంట్లలో పనిచేసే విద్యార్థులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. బ్రిటన్‌లో గుర్తింపు పత్రం వెంట ఉంచుకోవాలన్న సాధారణ నియమమే లేదు.

అందువల్ల కొత్త దేశంలో దిగిన వారంలోనే ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో నాలుగు ప్రశ్నలకు జవాబులు వెతకాలి. ఎల్లప్పుడూ వెంట ఉండాలా, అడిగినప్పుడు చూపగలిగితే చాలా? పాస్‌పోర్టా, కార్డా, రెండూనా? ఎన్నో ఏట నుంచి? ఫోన్‌లో చూపే డిజిటల్ రూపం చెల్లుతుందా? పదేళ్ళుగా అక్కడ ఉంటున్న స్నేహితులు చెప్పే మాట సహృదయంతో చెప్పేదే అయినా, వారు వచ్చిననాటి నియమం ఈనాడు ఉండకపోవచ్చు. ఇంట్లో పిల్లలు ఉంటే వారి పుట్టినరోజులను కూడా ఈ లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే 15 ఏళ్ళు నిండకముందు లేని బాధ్యత నిండిన మర్నాడు వచ్చి పడుతుంది.

చివరి ప్రశ్నకు జవాబు దేశానికో తీరుగా ఉంటుంది. సౌదీ అరేబియాలో ఇఖామాను, అంటే నివాస పర్మిట్‌ను, అబ్షిర్, తవక్కల్నా యాప్‌లలో డిజిటల్ రూపంలో చూపే ఏర్పాటు ప్రభుత్వమే చేసింది. బ్రిటన్‌లో నివాస కార్డుల స్థానంలో ఈ-వీసా, అంటే ఇంటర్నెట్‌లో ఉండే నివాస అనుమతి రికార్డు, వచ్చింది, అక్కడ చేతిలో పట్టుకునే కార్డే లేదు. కానీ ప్రభుత్వం ఇచ్చిన యాప్‌లో కనిపించే కార్డు వేరు, మన ఫోన్‌తో మనం తీసుకున్న ఫొటో వేరు. మొదటిది చెల్లే చోట కూడా రెండోది చెల్లదు.

ఒంటి మీద, ఇంట్లో, మరొక చోట

చట్టం కోరే పత్రం తేలిపోయాక మిగతా పత్రాలకు స్థానాలు నిర్ణయించాలి. వెంట ఉండవలసినవి చాలా తక్కువ: నివాస కార్డు, ఆరోగ్య బీమా కార్డు, ఒక బ్యాంకు కార్డు, బండి నడిపితే లైసెన్సు. నివాస కార్డును తరచూ తీసే గడిలో పెట్టకండి. డబ్బు చెల్లించేటప్పుడు తీసే కార్డు వెనకే ఇది కూడా జారిపోతుంది. చిప్ ఉన్న కార్డును వంచకూడదు, రంధ్రం చేయకూడదు, లామినేషన్ చేయించకూడదు.

వీటితోపాటు అరచేతిలో పట్టేంత కాగితం ఒకటి ఉంచుకోవాలని నా గట్టి సలహా. దాని మీద మీ పూర్తి పేరు, మీ రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ ఫోను నంబరు, అవసరమైతే మీ ఇంటికి వెళ్ళి పత్రాలు తేగల ఒక్క మనిషి నంబరు, మీకు పడని మందులు ఉంటే వాటి పేర్లు స్థానిక భాషలో రాసి ఉండాలి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినప్పుడు, లేదా మనం మాట్లాడే స్థితిలో లేనప్పుడు, పక్కవారు చదవగలిగేది ఈ కాగితాన్నే.

పాస్‌పోర్టు, పుట్టినతేదీ ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం, డిగ్రీ పట్టాలు, పాత పాస్‌పోర్టులు ఇంట్లో తాళం ఉన్న చోట ఉండాలి. పాత పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా ఉంటే దాన్ని కొత్త పాస్‌పోర్టుతో కలిపే ఉంచాలి. అమెరికాలో ఉండేవారు సోషల్ సెక్యూరిటీ కార్డును కూడా పర్సులో పెట్టుకోకూడదు. రోజూ వెంట తిప్పవద్దని ఆ కార్డు జారీచేసే శాఖే చెబుతుంది. ఇంట్లో ఆ చోటు ఎక్కడో మరొకరికి తెలిసి ఉండాలి, అగ్నిప్రమాదం లాంటిది జరిగితే ఒక్క నిమిషంలో అందుకుని బయటపడేలా అన్నీ ఒకే కవరులో ఉండాలి.

పాస్‌పోర్టు ఇల్లు కదలవలసిన రోజులు కొన్ని ఉంటాయి. బ్యాంకు ఖాతా తెరవడం, కాన్సులేట్ పని, విమాన ప్రయాణం, సరిహద్దు దాటడం. యూరప్‌లో చాలామంది పొరబడేది ఇక్కడే. షెంగెన్ దేశాల్లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసిన యూరప్ దేశాల్లో, ఒకదాని నివాస పర్మిట్ ఉన్నవారు మిగతా షెంగెన్ దేశాలకు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా వెళ్ళి రావచ్చు, కానీ పర్మిట్‌తోపాటు పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. సరిహద్దు దగ్గర రైలు ఆగకపోయినంత మాత్రాన పత్రాల అవసరం తీరిపోదు. అవతలి దేశపు పోలీసులు రైలులోనే అడగవచ్చు.

పాస్‌పోర్టును పని ఇచ్చిన యజమాని చేతికి అప్పగించడం గురించి

దీన్ని మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. వీసా ముద్ర కోసమో నివాస కార్డు పని కోసమో కొన్నాళ్ళు ఇవ్వవలసి రావచ్చు, అలా ఇచ్చినప్పుడు తేదీతో రసీదు తీసుకోవాలి, పని ముగియగానే తిరిగి అడగాలి. అంతకు మించి, "భద్రత కోసం మా దగ్గరే ఉంటుంది" అన్న మాటకు ఒప్పుకోకూడదు. పాస్‌పోర్టు పని ఇచ్చినవారి సొత్తు కాదు, నిజానికి మన సొత్తు కూడా కాదు. భారత పాస్‌పోర్టు ఎల్లప్పుడూ కేంద్ర ప్రభుత్వ ఆస్తిగానే ఉంటుందని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. గుర్తింపు పత్రాలను అట్టిపెట్టుకోవడాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమకు ఒక సూచికగా లెక్కిస్తుంది. ఇళ్ళలో పనిచేసేవారు తమ ప్రయాణ, గుర్తింపు పత్రాలను తమ దగ్గరే ఉంచుకునే హక్కు గురించి ఆ సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం తొమ్మిదో అధికరణంలో ప్రత్యేకంగా ఉంది. ఖతర్‌లో 2015 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం, నివాస పర్మిట్ పని పూర్తికాగానే యజమాని పాస్‌పోర్టును తిరిగి ఇచ్చేయాలి. అడిగినా ఇవ్వకపోతే, అడిగిన సంగతి సందేశం రూపంలో రాతపూర్వకంగా ఉండేలా చూసుకుని, రాయబార కార్యాలయాన్నీ స్థానిక కార్మిక శాఖనూ సంప్రదించాలి. పాస్‌పోర్టు నంబరు, జారీ తేదీ, గడువు తేదీ మీ దగ్గర రాసి ఉంటే ఈ పనులన్నీ సులభమవుతాయి. లేకపోతే ప్రతి దరఖాస్తూ మొదటి గడి దగ్గరే ఆగిపోతుంది.

కార్డు చేతికి రాగానే సరిచూడవలసినవి

కొత్త కార్డు అందిన రోజున కౌంటరు వదలకముందే దాన్ని పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. మనవాళ్ళకు ఎక్కువగా ఇబ్బంది వచ్చేది పేర్లతోనే. ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు రాసుకునే అలవాటు మనది, పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకు ఒక గడి, పెట్టిన పేరుకు మరో గడి ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుకు అమెరికా వీసా ఇచ్చేటప్పుడు మొత్తం పేరును ఇంటిపేరు స్థానంలో వేసి, పెట్టిన పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. "మొదటి పేరు తెలియదు" అన్న ఇంగ్లీషు మాటలకు అది పొడి రూపం. ఆ మూడు అక్షరాలు లైసెన్సులోకి, బ్యాంకులోకి, జీతపు రికార్డులోకి ఒకదాని వెంట ఒకటి పాకుతాయి. వీలైతే దేశం విడిచి వెళ్ళకముందే పాస్‌పోర్టులో రెండు గడులూ నింపించుకోవాలి.

పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలు ఉంటాయి, ఒక్కో వరుసలో 44 గుర్తులు. వెనక వైపు ఇలాంటి వరుసలు ఉండే కార్డుల్లో సాధారణంగా మూడు వరుసలు, ఒక్కో వరుసలో 30 గుర్తులు ఉంటాయి. వాటిని ఎవరూ చదవరు, కానీ విమానాశ్రయంలో యంత్రం చదివేది వాటినే. అందులో పుట్టినతేదీ సంవత్సరం, నెల, రోజు అన్న క్రమంలో రెండేసి అంకెలుగా ఉంటుంది. 1991 మార్చి 4న పుట్టినవారికి 910304 అని ఉండి, దాని వెంటనే సరిచూసే అంకె ఒకటి ఉంటుంది. ఆరు అంకెలనూ వరుసగా 7, 3, 1, 7, 3, 1తో గుణించి కూడితే 91 వస్తుంది, అందులో చివరి అంకె 1 కాబట్టి అక్కడ 1 ఉండాలి. గుమస్తా రోజునూ నెలనూ తారుమారు చేసి ఏప్రిల్ 3 అని ఎక్కిస్తే ఆ స్థానంలో 910403, దాని వెనక 7 కనిపిస్తాయి. ఇలాంటి పొరపాటు కౌంటరు దగ్గర పట్టుబడితే అక్కడికక్కడే సరిచేయించుకోవచ్చు, ఏడాది తర్వాత పట్టుబడితే అది ఎవరి తప్పో నిరూపించుకునే భారం మన మీద పడుతుంది.

కాపీలు

పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా పేజీ, నివాస కార్డు రెండు వైపులా స్కాన్ చేసి, పాస్‌వర్డుతో తెరుచుకునే చోట ఒక ప్రతి, స్వదేశంలో నమ్మకమైన కుటుంబ సభ్యుల దగ్గర ఒక ప్రతి ఉంచాలి. అసలు పోయినప్పుడు కొత్తది తెచ్చుకోవడానికే ఇవి పనికివస్తాయి. ఇల్లు అద్దెకిచ్చేవారు, ఫోన్ కనెక్షన్ ఇచ్చేవారు కాపీ అడిగితే, ఆ కాపీ మీద అడ్డంగా ఎవరికి, దేనికోసం, ఏ తేదీన ఇస్తున్నారో రాసి ఇవ్వండి. నెదర్లాండ్స్ ప్రభుత్వం ఈ పని కోసమే కోపీ-ఐడీ అనే యాప్‌ను ప్రజలకు ఇచ్చింది, అవసరం లేని నంబర్లను దాంతో కప్పివేయవచ్చు కూడా. వాట్సాప్‌లో పంపిన పాస్‌పోర్టు ఫొటో అవతలివారి ఫోన్‌లో ఎన్నాళ్ళు ఉంటుందో, ఎవరికి చేరుతుందో మన చేతుల్లో ఉండదు.

ఎవరైనా ఆపి అడిగినప్పుడు

నిలబడండి, చేతులు కనిపించేలా ఉంచండి, కార్డు ఎక్కడ ఉందో చెప్పి ఆ తర్వాత తీయండి. అధికారి మామూలు దుస్తుల్లో ఉంటే ఆయన గుర్తింపు కార్డు చూపమని మర్యాదగా అడగవచ్చు. పర్సు మొత్తం ఇమ్మనేవారు, అక్కడికక్కడే నగదు కట్టమనేవారు చాలాసార్లు పోలీసు వేషంలో ఉన్న మోసగాళ్ళు. అలాంటప్పుడు స్టేషన్‌కు వచ్చి మాట్లాడతానని చెప్పాలి. కార్డు వెంట లేకపోతే ఆ సంగతి నిజంగా ఒప్పుకోవడమే మేలు, వేరొకరి కార్డు చూపడం మాత్రం చిన్న తప్పును పెద్ద నేరంగా మారుస్తుంది. అరెస్టు దాకా వస్తే, మీ దేశపు కాన్సులేట్‌కు కబురు పెట్టమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందం 36వ అధికరణం ఇచ్చింది. అడిగితేనే కబురు వెళుతుంది కనుక ఆ మాట స్పష్టంగా అనాలి. అర్థంకాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేయకుండా దుబాసీని కోరాలి.

గడువులు, పోయిన పత్రాలు

పాస్‌పోర్టుకు ఒక గడువు, నివాస అనుమతికి మరో గడువు, కార్డుకు ఇంకో గడువు ఉంటాయి. శాశ్వత నివాసం పొందినవారికి హోదా గడువు లేనిదే అయినా, జపాన్‌లో పెద్దవారి కార్డును కొన్నేళ్ళకోసారి మార్చుకోవాలి. అమెరికా గ్రీన్‌కార్డుకు సాధారణంగా పదేళ్ళు. పొడిగింపు దరఖాస్తు పెట్టి, జవాబు రాకముందే కార్డు మీది తేదీ దాటితే, దరఖాస్తు రసీదు కూడా కార్డుతోపాటు వెంట ఉండాలి. బ్రిటన్‌లో ఉన్నవారు పాస్‌పోర్టు కొత్తది తీసుకున్న ప్రతిసారీ ఈ-వీసా ఖాతాలో కొత్త నంబరు చేర్చాలి, లేకపోతే విమానం ఎక్కేచోట ఆపేయవచ్చు.

పత్రం పోయిందని గమనించిన రోజునే పోలీసు ఫిర్యాదు చేసి దాని నకలు తీసుకోండి. తర్వాతి పనులన్నిటికీ అదే ఆధారం. నివాస కార్డు పోతే ఇమ్మిగ్రేషన్ కార్యాలయానికి వెళ్ళాలి, జపాన్‌లో దీనికి 14 రోజుల గడువు ఉంది. కొత్త కార్డు వచ్చేదాకా ఫిర్యాదు నకలు, పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. పాస్‌పోర్టు పోతే కాన్సులేట్‌కు చెప్పాలి. అక్కడ నమోదైన నంబరు, పోయిన, దొంగిలించిన ప్రయాణ పత్రాల కోసం ఇంటర్‌పోల్ 2002 నుంచి నడుపుతున్న జాబితాలోకి వెళ్ళగలదు. ఒకవేళ ఆ తర్వాత అదే పాస్‌పోర్టు సోఫా కిందనో పాత కోటు జేబులోనో దొరికినా, దానితో ప్రయాణం చేయకండి. అది మీ చేతిలో ఉన్నా సరిహద్దు యంత్రానికి పోయిన పాస్‌పోర్టే. దాన్ని కాన్సులేట్‌కు తీసుకెళ్ళి అప్పగించి, అప్పగించినట్టు రసీదు తీసుకుని కొత్త పాస్‌పోర్టుతోపాటు ఆ కవరులోనే ఉంచండి.